మొండిపడవ

మా ఆయన పోలారావుకి భయం వేసినప్పుడల్లా మా ఇంట్లో మేజిక్ ఎక్కువవుతుంది. ఆ నెల మరీ మితిమీరింది. అన్నం ముందు కూర్చుని రూపాయి బిళ్ళ మాయం చేస్తాడు, నా చెవిలోంచి తీస్తాడు, మళ్ళీ మాయం చేస్తాడు. పప్పు చల్లారిపోతోందని నేను అరిస్తే నవ్వేసి కాళ్ళు పంచెలోకి ముడుచుకుంటాడు. ఆ పాదాలు నా కంట పడకూడదని ఆయన తాపత్రయం. పడకుండా ఎలా ఉంటాయి? సాయంత్రమయ్యేసరికి చెప్పు పట్టీ చర్మంలోకి దిగబడి, విప్పేశాక కూడా చాలాసేపు ఆ గీత అలాగే ఉండిపోతోంది.

మా కవిటిలో కాళ్ళు వాచాయంటే దెబ్బ తగిలిందా అని ఎవరూ అడగరు. పరీక్షకి రక్తం ఇచ్చావా అని అడుగుతారు. కిడ్నీల జబ్బని పేరు ఎత్తక్కర్లేదు. మా మామగారు దాంతోనే పోయారు. ఆ తర్వాత మా ఆయన అన్నగారు రక్తం కడిగే మిషను మీద పడుకుని పడుకుని, ఒకనాడు ఇక నానెల్లను అని గోడ వైపు తిరిగిపోయారు. ఇద్దర్నీ పలాస ఆస్పత్రికి తీసుకెళ్ళి తెచ్చింది పోలారావే. అందుకని రక్తం ఇమ్మంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

"రగతం ఇయ్యకముందు మా నాన్న సెట్టెక్కి కాయలు దింపినాడు. ఇచ్చిన కాడినుంచే మంచమెక్కినాడు" అంటాడు. అంటే ఈయన లెక్కలో జబ్బు సూదిలోంచి వస్తుందన్నమాట! ఇంత తెలివైన మొగుణ్ణి ఇచ్చినందుకు మా అమ్మానాన్నలకి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

సోమవారం ఊళ్ళో రక్తపరీక్షల శిబిరం ఉంది. రోజూ పోరితే చివరికి ఓ మాట అన్నాడు. "సామాను రానీ. ఒకసారి తిప్పి సూసేసి అప్పుడెల్తాను."

సామాను అంటే మేం ఫోనులో చూసి తెప్పించుకుంటున్న ఓ మేజిక్ వస్తువు. మేం నలుగురం. జీడితోటలు, కొబ్బరితోటలు ఉన్న మాజీ సర్పంచి జగదీశ్వరరావు మావయ్య, ఆటో నడిపే లోకనాథ్, కొబ్బరి కొట్లో పనిచేసే మా ఆయన, నేను. బడి వార్షికోత్సవాలకీ వినాయకుడి పందిళ్ళకీ ప్రదర్శనలిస్తాం. నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు దీనికి బోలెడు మొట్టికాయలు తిన్నాను గానీ ఇక్కడ అదే పనికొచ్చింది. జనం కళ్ళన్నీ మగవాళ్ళ కుడిచేతుల మీద ఉంటాయి. పక్కన అమాయకంగా నిలబడి పనంతా నా ఎడమచేత్తో కానిచ్చేస్తాను.

వీడియోలో చూసింది రవ్వంతే. పడవ ఆకారంలో ఓ నల్లటి కర్రముక్క గిర్రున తిరిగి, తనంతట తానే ఆగి, మళ్ళీ వెనక్కి తిరిగింది. లోపల అయస్కాంతం ఉందని లోకనాథ్, కాదు దారమని మావయ్య, బ్యాటరీ అని మా ఆయన. వాదించుకోలేక తెప్పించారు. పార్సెలు విశాఖపట్నంలో కొన్నాళ్ళు, పలాసలో కొన్నాళ్ళు కాపురం చేసింది. మా ఆయన మాత్రం అది ఆలస్యమైనకొద్దీ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం లోకనాథ్ కాశీబుగ్గ నుంచి దాన్ని తెచ్చాడు. అందరం మావయ్య గారి వరండాలో గ్రానైటు బల్ల చుట్టూ చేరాం. ఇంత పెట్టె, దానినిండా కాగితపు చుట్టలు, వాటి మధ్యలో అరచేతిలో ఇమిడిపోయే నల్లటి పడవ. పైన చదును, అడుగున వంపు. అంతే.

"దీనికోసమేటి ఇన్నాల్లు కల్లు కాయలు కాసేలా సూసినాం?" అన్నాడు మావయ్య. అంటూనే బల్ల మీద పెట్టి కుడిచేత్తో ఓ తిప్పు తిప్పాడు.

అది కాసేపు బుద్ధిగానే తిరిగింది. తర్వాత ఒంట్లో ఏదో దూరినట్టు టకటకటకమని వణికింది. ఆగింది. ఎవరూ ముట్టుకోకుండానే వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

"ఓరి బాబో!" లోకనాథ్ కుర్చీ వెనక్కి జరిపాడు. తర్వాత ధైర్యం తెచ్చుకుని తనూ తిప్పాడు. అదే వణుకు, అదే ఆగడం, మళ్ళీ వెనక్కి. మా ఆయన దానికి అక్కడికక్కడే పేరు పెట్టాడు, మొండిపడవ అని. తర్వాత ముగ్గురూ పరిశోధనకి దిగారు. ఆటో స్పీకరు లోంచి ఊడదీసిన అయస్కాంతం దగ్గర పెట్టారు, అంటుకోలేదు. బల్ల ఎత్తుపల్లంగా ఉందేమోనని నీళ్ళ గ్లాసు పెట్టి చూశారు, లేదు. దారం కోసం గాల్లో చేతులు ఊపారు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించారు.

కిటుకు తెలియనివాళ్ళకి మేజిక్ సరదాగా ఉంటుంది. పదిమందిని బోల్తా కొట్టించే మాకు ఆ కిటుకు దొరక్కపోతే మాత్రం సరదాగా ఉండదు.

అప్పుడు మా ఆయన తిప్పాడు. తిరిగింది, వణికింది, ఆగింది, వెనక్కి మళ్ళింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. మూతి బిగించి ఇంకోసారి. నుదుటి మీద చెమట పట్టింది.

"నువ్వు తిప్పు ధరణీ" అన్నాడు.

నేను తిప్పాను. వణకలేదు, ఆగలేదు. కిక్కురుమనకుండా తిరిగి తిరిగి, ఓపిక అయిపోయాక మెల్లగా నిలిచింది. నేను గెలిచినట్టు చప్పట్లు కొట్టబోయాను. ముగ్గురూ నా వైపు చూస్తున్న చూపుకి చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

"వదినది టెక్కలి" అన్నాడు లోకనాథ్ గొంతు తగ్గించి. "మన ఉద్దానం నీల్లలో పుట్టినోలు కాదు."

ఇంకెవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది. ఆ జబ్బు నీళ్ళ వల్లనో మరి దేనివల్లనో ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ, మా వాళ్ళు అనుమానించేది నీళ్ళనే. మావయ్య ఇప్పటికే మందుల మీద ఉన్నాడు. లోకనాథ్ వాళ్ళమ్మ మిషను మీద ఉంది. ఇక మా ఆయన పాదాలు. అందరికీ వెనక్కి తిరిగింది. నాకొక్కదానికే తిరగలేదు.

"ఊరుకోరా, ఎదవ మాటలూ నువ్వూ" అని మావయ్య కసిరాడు. కసురుతూనే తిప్పిన చేతిని తువ్వాలులో దాచుకున్నాడు.

"నానూ పెల్లయిన కాడినుంచీ మీ నీల్లే కదేటి తాగుతన్నాను!" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ పట్టించుకోలేదు. ఏదో ఒకటి అనాలని అన్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన రూపాయి బిళ్ళ ముట్టుకోలేదు. దాంతో నాకు నిజంగా భయం పట్టుకుంది. పంచె పైకి లాక్కుని, పాదాలు దాచుకోకుండా గడపలో కూర్చున్నాడు. అంటే నా దగ్గర దాచడం కూడా మానేశాడు.

"రేపు శిబిరానికి వత్తానన్నావు" అన్నాను.

"ఇంకెందుకే? అది సెప్పీసింది కదా."

"కర్రముక్క సెప్పడమేటి బావా? మతి గాని పోనాదేటి?"

"మావయ్యది కరెట్టుగా సెప్పలేదేటి? నన్నొగ్గీ ధరణీ. ఉన్నన్నాల్లు ఉంతాను. ఆ మిషను మీదకి మాత్తరం నానెల్లను." అన్నగారు ఆఖర్న అన్న మాట అచ్చం అదే గొంతుతో అన్నాడు. కోపంతో కంచం ఎత్తేశాను గానీ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తెల్లారి పాలు కాస్తున్నాను. ఎడమచేతిలో గుడ్డతో పట్టుకున్న గిన్నె, గట్టు మీద రాత్రి మా ఆయన జేబులో వేసుకొచ్చిన ఆ పడవ. దాన్ని చూస్తే ఒళ్ళు మండి, ఖాళీగా ఉన్న కుడిచేత్తో విసురుగా ఓ తిప్పు తిప్పాను.

తిరిగింది. టకటకమంది. ఆగింది. వెనక్కి మళ్ళింది.

నాకూ తిరిగింది! పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా అలాగే నిలబడ్డాను. కాసేపటికి బుర్ర పనిచేసింది. గిన్నె దింపి ఎడమచేత్తో తిప్పాను. చక్కగా తిరిగింది. కుడిచేత్తో తిప్పితే మొండికేసింది. ఎడమచేత్తో తిప్పితే ఒక వైపు, కుడిచేత్తో తిప్పితే రెండో వైపు తిరుగుతోంది. అడుగున వేలు పెట్టి రాసి చూశాను. వంపు తిన్నగా లేదు, ఓ పక్కకి మెలి తిప్పి చెక్కి ఉంది. అందుకే ఒక వైపు తిరగడమే దానికి ఇష్టం, రెండో వైపు తిప్పితే మొరాయిస్తుంది. వరండాలో నేను తప్ప అందరూ కుడిచేతివాటం వాళ్ళే. పుట్టిన ఊరూ లేదు, నీళ్ళూ లేవు.

పరిగెత్తుకెళ్ళి చెప్పబోయి గుమ్మంలో ఆగిపోయాను. ఇది వట్టి చేతివాటమని చెబితే ఈయన హాయిగా నవ్వేసి, మరింకేటి, నాకేటీ లేదని కొబ్బరి కొట్టుకి వెళ్ళిపోతాడు. చెప్పకపోతే ఈ గడపలోంచి లేవడు. ఎటు చూసినా రక్తం ఇవ్వడు. ఆలోచించి, మాకు తెలిసిన విద్యే వాడాను.

"బావా, ఆఖరుసారి. గుండె ఉన్న వైపు సేత్తో తిప్పు. తిన్నగా తిరిగిందా, నాతో శిబిరానికి రావాల. ఎనక్కి తిరిగిందా, ఈ జన్మలో నిన్ను అడగను."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నా మొహంలో ఏమీ దొరకదు, అది నా పనే కదా. ఎడమచేత్తో తిప్పాడు. ఆ పడవ తిరుగుతున్నంతసేపూ ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఎవరికి మొక్కుకున్నాడో. అది వణకలేదు. వెనక్కి మళ్ళలేదు. ఆగాక ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. మోసం చేశానని నాకు మనసులో పీకింది గానీ, అప్పుడే చెప్పెయ్యడానికి నేనేం పిచ్చిదాన్ని కాదు.

"వత్తాను గానీ, నానొక్కన్నీ ఇయ్యను. నువ్వూ ఇయ్యి" అన్నాడు.

"నాకెందుకు? నాది టెక్కలి" అని నవ్వాను. అయినా ఇస్తానన్నాను. ఆయన్ని ఆ శిబిరం కుర్చీలో కూర్చోబెట్టడానికి ఆ రోజు నా తల కావాలన్నా ఇచ్చేదాన్ని. శిబిరంలో నర్సు భానుప్రియ సూది గుచ్చుతుంటే ఆయన కళ్ళు మూసుకుని నా కొంగు పట్టుకున్నాడు. నా వంతు వచ్చినప్పుడు నేను ఆయన వైపే చూస్తూ ఉన్నాను. సూది ఎప్పుడు దిగిందో కూడా తెలియలేదు.

మర్నాడు సాయంత్రం ఫలితాల కోసం ఆస్పత్రికి వెళ్ళాం. బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన జేబులో పడవ పెట్టుకుని పైనుంచి తడుముతున్నాడు.

భానుప్రియ తలుపులోంచి తొంగిచూసింది. "అన్నా, నీది బాగున్నాది. పగలంతా నిలబడే పని కదా, కాల్లకి నీరు దిగతాది. సాయంత్రాలు కాల్లు ఎత్తులో పెట్టుకో."

నేను లేచి నిలబడ్డాను. ఏదో అరిచాను కూడా. అక్కడున్నవాళ్ళంతా తిరిగి చూశారు. మా ఆయన్ని రెక్క పట్టి లేపాను, పద, మావయ్యకి చెప్పాలి, లోకనాథ్‌ని కూడా లాక్కురావాలి అంటూ.

"అక్కా" అంది భానుప్రియ. "నువ్వుండు. నీ రగతంలో క్రియాటినిన్ ఎక్కువుంది. రేపు మల్లీ ఓసారి రగతం తీసి సూద్దుం."

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినో అంటోందేమోనని. వెనకాల గోడ తప్ప ఎవరూ లేరు. కాళ్ళు వాచలేదు, ఆకలి తగ్గలేదు, రాత్రుళ్ళు నిద్ర బాగానే పడుతోంది. ఇన్నాళ్ళూ ఆయన పాదాలే చూస్తూ కూర్చున్నాను. మా మామగారు మంచం మీద అటు తిరిగి ఇటు తిరిగి మూలగడం, మిషను దగ్గర అన్నగారి చేతి మీద తేలిన నరాలు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. భయం అంటే ఇదా అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆయన మీద అరిచింది నేను, ఇది మోసుకు తిరిగింది ఆయన.

"ఆ పడవ ఇలా తే" అన్నాను.

ఇచ్చాడు. బల్ల మీద పెట్టి ఎడమచేత్తో తిప్పాను. అది నాకు ఎలా తిరుగుతుందో తెలుసు. ఎందుకు తిరుగుతుందో కూడా తెలుసు. అయినా అది ఆగేదాకా ఊపిరి తీసుకోలేకపోయాను.

"అది సేతిని బట్టి తిరుగుతాది బావా" అన్నాను. "నిన్న నిన్ను మోసం సేసినాను. దానికేటీ తెల్దు."

ఆయన పడవ తీసి జేబులో వేసుకున్నాడు. నా మీద కోపం రాలేదు. లేచి భానుప్రియ దగ్గరికి వెళ్ళాడు.

"రేపెన్ని గంటలకి రావాల?" అని అడిగాడు. నిన్నటిదాకా రక్తం మాటెత్తితే మండిపడిన మనిషి, అందరూ వినేటట్టే అడిగాడు. "నాదీ తియ్యి. ఇద్దరివీ."

"నీది బాగున్నాది కదన్నా. మల్లీ అక్కర్లేదు."

"తియ్యమ్మా" అన్నాడు. "ఆమె ఒక్కర్తీ ఇయ్యదు."

అలా అంటూ, రేపు సూదికి ఇవ్వాల్సిన చేతి మీది చొక్కాని ఇప్పుడే పైకి మడతపెట్టుకుంటున్నాడు.