ఖాళీ కుర్చీకి రెండు ముక్కలు

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి దర్జీ కొట్టు షట్టరు సగానికి దిగేది. వెనక గదిలో, బట్టలు కత్తిరించే బల్ల మీద పేక పడేది. పందేనికి చొక్కా గుండీలు. ఆట హోల్డెమ్. చేతికి రెండే ముక్కలు, ఆ తర్వాత బల్ల మీద అందరికీ కలిపి ఐదు. చేతికొచ్చిన రెండూ చూసి ఆడాలా, పడెయ్యాలా అని తేల్చుకోవడంలోనే సగం ఆట ఉందని దర్జీ అంటూ ఉండేవాడు.

అది మాత్రం అతనికి చేతయ్యేది కాదు. జాకీ కంటపడితే చాలు, పెళ్ళికి పిలుపొచ్చినట్టు బయల్దేరేవాడు. వారం వారం గుండీల డబ్బా ఖాళీ చేసుకుని వస్తుంటే, డిగ్రీలో లెక్కలు చదివిన భార్య చూడలేక చొక్కాల పెట్టెలోంచి ఒక అట్ట తీసి, స్కేలు పెట్టి గళ్ళు గీసిచ్చింది. అందరికంటే ముందు పందెం కాయాల్సిన చోట కూర్చుంటే ఏ చేతులు, అంటే ఏ రెండేసి ముక్కలు, ఆడాలి, చివర్న కాసే చోటైతే ఇంకేవి ఆడొచ్చు, ఎక్కడ కూర్చున్నా ఏవి పడెయ్యాలి. ఆడేవి పచ్చ సిరాతో, పడేసేవి ఎర్ర సిరాతో రాసింది. అట్టలో ముప్పాతిక ఎరుపే.

ఇక అతను ఆ అట్ట దాటలేదు. ముక్కలు చూసి, అట్ట చూసి, చిన్నగా గొంతు సవరించుకుని "పడేశా" అనేవాడు. ఆ గొంతు వినగానే మిగతావాళ్ళు నవ్వేవారు.

తర్వాత అతనికి జబ్బు చేసింది. ఆపరేషన్ చేస్తే పదిమందిలో ముగ్గురు నిలబడతారనీ, మిగతావాళ్ళు థియేటర్ లోంచి ప్రాణాలతో రావడం కష్టమనీ, చెయ్యకపోతే కొన్ని నెలలనీ డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి మంచం అంచున కూర్చుని, చెప్పులు కూడా విడవకుండా, దర్జీ భార్యను అడిగాడు.

"ఎరుపా, పచ్చా? నువ్వే చెప్పు."

ఆమె చాలాసేపు ఆలోచించింది. "ఎరుపేనండీ" అంది.

అతను గొంతు సవరించుకున్నాడు. నాలుగు నెలలకు పోయాడు.

ఆటగాళ్ళకు ఒక పద్ధతి ఉంది. తమలో ఒకరు పోతే ఏడాదిపాటు ఆ కుర్చీ తియ్యరు. ప్రతి ఆదివారం మొదటి పంపకంలో దానికీ రెండు ముక్కలు వేసి, చూడకుండా బోర్లా పడేస్తారు. ఆ పని దర్జీ భార్యకే అప్పజెప్పారు. చూడకుండా పడెయ్యాలి, అంతే. ఆమె చూసింది. మొదటి ఆదివారమే బొటనవేలితో అంచు లేపి చూసింది. చూశాక, ఆ చేతితో ఆడి ఉంటే ఏమయ్యేదో ఆట చివరిదాకా నిలబడి చూసింది. అప్పట్నుంచి ప్రతి వారం అదే పని.

ఏడాదిలో ఎర్ర చేతులు నలభై వచ్చాయి. ఆడి ఉంటే నాలుగు గెలిచేవి. అట్ట తప్పు కాదు. కానీ ఆ నాలుగింటిలో మంచం అంచున కూర్చున్న మనిషి ఉన్నాడా లేడా అన్నది అట్టలో ఏ గడిలోనూ లేదు. దానికి తోడు, ఆమె ముక్కలు పడెయ్యబోయే ప్రతిసారీ ఖాళీ కుర్చీలోంచి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించేది. ఇంకెవరూ తలెత్తేవారు కాదు.

ఏడాది నిండిన ఆదివారం, ఆడపడుచు భర్త పేక కలుపుతూ అన్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి, ఏ మాటైనా మెల్లగా అంటాడు.

"ఇవాళ్టితో సరి చెల్లెమ్మా. వచ్చే వారం కుర్చీ తీసేద్దాం."

"అయితే ఈ ఒక్కసారి కూర్చుని ఆడతాను అన్నయ్యా."

"ఓరి నాయనో!" అన్నాడు బస్సు డ్రైవరు. ఆ పొడుగుకి అందరూ అతన్ని నిచ్చెన అంటారు. "అట్ట రాసిన వదినే దిగితే మన గుండీలకి కన్నాలు కూడా మిగలవు."

"నోర్ముయ్యరా. కూర్చోమ్మా" అన్నాడు గడియారాలాయన.

ఆమె కుర్చీలో కూర్చుంది. అతని వీపుకు అరిగిన చెక్క ఆమె వీపుకు తగలలేదు, కాస్త ఎత్తుగా ఉంది. ముక్కలు వచ్చాయి. రాణి, నాలుగు. రెండూ ఒకే జాతి కూడా కావు. పైగా ముందు కాయాల్సిన చోటు. ఎరుపు. అందులో రెండో మాట లేదు.

చప్పుడు కోసం ఆగింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఇంకేమీ వినిపించలేదు. ఏడాదిగా తనను నిద్రపోనివ్వని ఆ చప్పుడు ఇప్పుడే రాలేదు. తనేం చెబుతుందో విందామని అతను ఊపిరి బిగబట్టినట్టుంది.

ఆమె భర్త డబ్బాలోని గుండీలన్నీ బల్ల మధ్యకు నెట్టింది.

"వదినా, అన్నీనా?"

"అన్నీ."

నిచ్చెనా, మరో ఇద్దరూ పడేశారు. గడియారాలాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, ఆమె మొహంకేసి చూసి కాశాడు. బల్ల మీద ఒక్కొక్కటిగా ఐదూ పడ్డాయి. రాణి రాలేదు. నాలుగూ రాలేదు. ఆయన దగ్గర తొమ్మిదుల జత ఉంది.

"రాణి నాలుగా!" నిచ్చెన నెత్తి కొట్టుకున్నాడు. "చెత్త చెయ్యి కదా వదినా, నువ్వే కదా ఎర్రగా రాసింది!"

"తెలుసు" అంది ఆమె. "ఆయన్ని ఒక్కసారి ఆడించాలనిపించింది."

ఓడిపోయినందుకు ఆమెకు బాధ కలగలేదు, హాయీ కలగలేదు. ఒక్క ఓటమితో ఏదీ తేలదని లెక్కలు చదివిన మనిషికి తెలుసు. అప్పుడు ఆడినా పోయేవాడేమో. ఏమో. కానీ "ఏమో" అనుకుంటూ కూర్చోవడానికి ఇప్పుడొక కుర్చీ ఉంది.

గడియారాలాయన కొన్ని గుండీలు ఆమె వైపు జరిపాడు. "కుర్చీ ఉండనీలే. ఇంకో ఆట ఆడు."

మళ్ళీ ముక్కలు పంచాడు. ఆమె అంచు లేపి చూసింది. ఎనిమిది, మూడు. ఎరుపు. పడేద్దామని చెయ్యెత్తింది.

ఎవరో చిన్నగా గొంతు సవరించుకున్నారు.

నలుగురూ ఒక్కసారిగా తలెత్తి ఆమె వైపు చూశారు. నిచ్చెన చేతిలోని ముక్కలు బల్ల మీద వెల్లకిలా పడ్డాయి.

అప్పుడు తెలిసింది ఆమెకు, ఈసారి ఆ చప్పుడు తన గొంతులోంచే వచ్చిందని.

"పడేశా" అంది.