నూటికి ఎనిమిది తరుగు

ఆ ఏడాది మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక రేకుల షెడ్డు, ఒక కాటా, పాత సామాన్లు కొనే లైసెన్సు, నాకు తప్ప ఇంకెవరికీ సరుకు వేయని నలభై మంది ఆడవాళ్ళు. ఇంట్లో నేనూ, టైపిస్టుగా పనిచేసి రిటైరైన మా పిన్నీ. ఊరి చెత్తంతా పోసే దిబ్బ నా షెడ్డుకు ఎదురుగా, రోడ్డుకు అవతల. ఆడవాళ్ళు పొద్దున్నే దిబ్బ ఎక్కి ప్లాస్టిక్కూ అట్టా ఏరి, రకాల వారీగా వేరు చేసి, బస్తాలు నెత్తిన పెట్టుకుని తెచ్చేవాళ్ళు. నేను తూచి, చీటీ రాసి, డబ్బు చేతిలో పెట్టేవాణ్ణి. ఒక్కరికి ఒక్క పూట బాకీ పెట్టలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఒక సోమవారం దిబ్బ చుట్టూ ఇనుప కంచె లేచింది. దిబ్బను కొత్తగా గుత్తకు తీసుకున్న కాంట్రాక్టరు మనుషులు ఆడవాళ్ళను జబ్బలు పట్టి బయటికి నెట్టారు. ఏరిపెట్టిన బస్తాలను ఒకచోట పోగేసి నిప్పంటించారు. అందరికంటే పెద్దది, మేమంతా పెద్దక్క అని పిలిచేది, తన బస్తా లాక్కోబోయి చెయ్యి కాల్చుకుంది. కాపలావాడు నవ్వి, చెత్త కోసం చావడానికి సిద్ధపడ్డ మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నాడు.

నేను షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. ఏం చేశానో దాచను. కాలుతున్న బస్తాలు లెక్కపెట్టాను. పదకొండు. నాకెంత పోయిందో లెక్క తేలాకే పెద్దక్క చేతి వైపు చూశాను.

మధ్యాహ్నం కాంట్రాక్టరే నా షెడ్డుకు వచ్చి, అడగకుండానే నా కుర్చీలో కూర్చున్నాడు. ప్రభుత్వం ప్రాంతీయ అభివృద్ధి నిధి ఒకటి పెట్టిందనీ, గాలిలోకి కర్బనం తక్కువ వదులుతూ పదిమందికి పని చూపించే వాళ్ళకు ఆ డబ్బు ఇస్తుందనీ చెప్పాడు. దిబ్బ మీద ప్లాంటు కట్టి, చెత్త కాల్చి కరెంటు తీస్తానని దరఖాస్తు పెడుతున్నాడట. కాల్చడం కర్బనం తగ్గించడం ఎలా అవుతుందని అడిగాను. కాగితం మీద అవుతుందన్నాడు. అయితే ఒక షరతు ఉంది. కిందటేడాది కనీసం మూడు వందల టన్నుల చెత్తను మంటల పాలు కాకుండా తప్పించినట్టు రుజువు చూపాలి.

"నీ చీటీలు ఇయ్యి. ఆ పని మా కంపెనీ చేయించినట్టు రాసుకుంటాం," అన్నాడు. "కాస్త తక్కువైనా మేం సర్దుకుంటాం. బూడిదలో మిగిలే ఇనుమంతా నీకే."

రెండు రోజులు టైమడిగాను. బేరం పెంచుదామనే అడిగాను, వేరే ఉద్దేశం ఏమీ లేదు. అతను వెళ్తూ నిధి ప్రకటన కాగితం బల్ల మీద మర్చిపోయాడు. పిన్ని కళ్ళద్దాలు పెట్టుకుని అది మొదటినుంచి చివరిదాకా చదివింది. పనివాళ్ళ పేరున రిజిస్టరైన సంఘం ఏదైనా దరఖాస్తు చేసుకోవచ్చని అందులో ఉంది. ఆడవాళ్ళకు ఒక పొదుపు సంఘం ఉంది, అది రిజిస్టరైందే.

"ఒరేయ్ అబ్బాయ్, వాడు నీ దగ్గరికెందుకొచ్చాడో అర్థమైందా?" అంది పిన్ని. "పని వాళ్ళది. రుజువు నీది. వాడిదంటూ ఉన్నది కంచె ఒక్కటే."

నేను జాలిపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. ప్లాంటు వస్తే ప్లాస్టిక్కంతా మంటలోకి పోతుంది, నాకు సరుకు ఉండదు. బూడిదలో ఇనుము ఏ మూలకు? లెక్క వేసుకునే ఆడవాళ్ళ వైపు వచ్చాను. సిగ్గు తర్వాత వచ్చింది.

ఆ సాయంత్రం నలభై మందీ నా షెడ్డులో కూర్చున్నారు. దరఖాస్తుకు గడువు నాలుగు రోజులే ఉంది. ఎండా వానా తగలని షెడ్డు, సరుకును నొక్కి బేళ్ళు కట్టే యంత్రం, నెత్తిన మోయకుండా మూడు బ్యాటరీ బళ్ళు, దిబ్బ మీద పని చేసుకునే హక్కు రాతపూర్వకంగా. ఏం కావాలో అడిగి అడిగి పిన్ని రాసింది. మరుగుదొడ్డి అని ఎవరో వెనకనుంచి మెల్లగా అంటే అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్ళే అది మొదట రాయమన్నారు.

తర్వాత చీటీలు కూడారు. ప్రతి ఒక్కరూ ఏడాది చీటీలు దారానికి గుచ్చి దాచుకున్నారు. పిన్ని రెండుసార్లు కూడింది. రెండు వందల ఎనభై ఏడు టన్నులు. పదమూడు టన్నులు తక్కువ.

కాసేపటికి తగువు మొదలైంది. ఎవరెవరు ఎన్ని రోజులు మానేశారో బయటికి తీశారు. మోకాళ్ళ నొప్పులామె సగం బస్తాలే తెచ్చేదన్నారు. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్ల మీద అందరూ పడ్డారు.

"పురిటికని పోయి రెండు నెలలు కనపడలేదు నువ్వు. నీ పదమూడు టన్నులే ఇవి," అంది ఒకామె.

"నిండు నెలల్లో కూడా మోశాను కదా అత్తా," అందా పిల్ల. తల దించుకుంది.

పిన్ని నా వైపు చూసింది. ఆమెకు తెలుసు. నా దగ్గర సరుకు కొనే ఫ్యాక్టరీ పంపే కాటా బిల్లులు ఫైలు చేసేది ఆమే.

మా వ్యాపారంలో తరుగు అని ఒకటి ఉంది. తడికీ మట్టికీ అని చెప్పి తూకంలో కొంత కోస్తాం. ఎండు సరుక్కీ కోస్తాం. నేను నూటికి ఎనిమిది కోసి, మిగిలింది చీటీ మీద రాసేవాణ్ణి. ఫ్యాక్టరీకి మాత్రం పూర్తి బరువు అమ్మేవాణ్ణి. ఆ ఎనిమిదితోనే ఇంటికి పై అంతస్తు వేసుకున్నాను. ఆ ఎనిమిదే ఇప్పుడు ఈ దరఖాస్తును ముంచుతోంది. నోరు మూసుకుంటే వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని చెదిరిపోతారు, నా లైసెన్సు నాకుంటుంది. అది కూడా లెక్క వేసుకున్నాను. కానీ ఆ పిల్ల తల ఎత్తలేదు.

"తక్కువైంది మీ దగ్గర కాదు, నా చీటీల్లో," అన్నాను. ఎంత కోశానో చెప్పి ఫ్యాక్టరీ బిల్లుల కట్ట ముందు పెట్టాను. మొత్తం మూడు వందల పన్నెండు టన్నులు.

పెద్దక్క కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, అంతవరకు నన్ను మీరు అనే మనిషి, ఇలా అంది:

"కోస్తావని తెలుసు. అవతలి షెడ్డువాడు పదిహేను కోస్తాడని నీ దగ్గరికొచ్చాం. మంచి దొంగను వెతుక్కున్నాం అనుకున్నాం షావుకారూ."

ఇద్దరు నన్ను బయటికి గెంటమన్నారు. పెద్దక్క ఒప్పుకోలేదు. గెంటితే బిల్లులు ఎవరు ఒప్పజెప్తారని అడిగింది. కోసిందంతా వెనక్కివ్వాలి, ఆఫీసులో నా నోటితో నేనే చెప్పాలి, ఇక తూకం వాళ్ళే వేస్తారు. చేతులెత్తించి తీర్మానం చేశారు. పురిటి పిల్లకు క్షమాపణ కూడా తీర్మానంలో రాయించారు. ఆ మాట అన్నామె లేచి నిలబడి క్షమాపణ చెప్పింది.

గడువు చివరి రోజున నలభై మందితో కలిసి నిధి ఆఫీసుకు వెళ్ళాను. వరండాలో బెంచీలు రెండే. ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు. అధికారి గదిలో కాంట్రాక్టరు టీ తాగుతున్నాడు. అధికారి మా కాగితాలు తిరగేసి, చీటీల్లో ఒక లెక్కా బిల్లుల్లో ఇంకో లెక్కా ఉన్నాయన్నాడు. ఎందుకున్నాయో నేను చెప్పాను.

"అంటే నువ్వు దొంగవి. దొంగ తెచ్చిన రుజువు మీద ప్రభుత్వం డబ్బు ఇవ్వాలా?"

పెద్దక్క బల్ల దగ్గరికి వచ్చింది.

"దొంగ మావాడు సారూ. వాడి సంగతి మేం చూసుకుంటాం. మా బరువు మీరు రాయండి."

కాంట్రాక్టరు గ్లాసు కింద పెట్టి, ఈ ఆడవాళ్ళకు కర్బనం అంటే ఏంటో తెలుసా అని అడిగాడు. పెద్దక్క చేతి కట్టు విప్పి కాలిన చర్మం చూపించింది.

"ఇదిగో, నువ్వు వదిలింది. మేం ఆపింది ఆ బిల్లుల్లో ఉంది."

అధికారి గడువు అయిపోయిందన్నాడు. గోడ గడియారంలో ఇంకా గంటన్నర ఉంది. గుమ్మానికి అడ్డంగా నలభై మందీ కూర్చున్నారు. రసీదు మీద ముద్ర పడేదాకా అధికారీ కదలడు, కాంట్రాక్టరూ కదలడు అన్నారు. కింది అంతస్తు గుమాస్తాలు మెట్ల మీదకొచ్చి నిలబడ్డారు. ఒక గుమాస్తా, ఎవరూ అడక్కుండానే, ముద్ర తెచ్చి బల్ల మీద పెట్టాడు. అధికారి వాణ్ణి కోపంగా చూశాడు. ఆ చూపుతోనే ముద్ర వేశాడు.

తర్వాత పోలీసులొచ్చారు. ఆడవాళ్ళ మీద లాఠీలు లేచాయి, మోకాళ్ళ నొప్పులామె తల పగిలింది. దొంగ లెక్కలు రాసినందుకు నన్ను జీపెక్కించారు. నా మీద కేసు సరైనదే. కానీ పదేళ్ళు కోస్తుంటే రాని పోలీసులు, ఒప్పుకున్న రోజున వచ్చారు.

తొమ్మిది రోజులకు బెయిలు దొరికింది. ఈలోగా చీటీలు తెచ్చి కూడుకునే పని మిగతా షెడ్లకూ పాకింది. పదిహేను కోసేవాడి గుమ్మం ముందు అరవై మంది కూర్చున్నారు. దిబ్బ చుట్టూ కంచెను పట్టపగలే పీకేశారు. మళ్ళీ వేశారు, మళ్ళీ పీకారు. రెండు దరఖాస్తుల మీదా బహిరంగ విచారణ జరపాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. డబ్బు ఇంకా ఎవరికీ రాలేదు.

ఇదీ నా లెక్క. పోయినవి: లైసెన్సు, కోసింది తిరిగివ్వడానికి అమ్మిన పై అంతస్తు, షావుకారన్న పిలుపు. వచ్చినవి: షెడ్డు సంఘం పేరు మీదకు, తూకం పురిటి పిల్ల చేతికి, విచారణకు కదిలే మూడు వందల మంది. నాకు బేళ్ళు మోసే పని ఇచ్చారు, అందరితో సమానంగా కూలి. నలభై ఒకటో సభ్యుడిగా పేరు రాశారు, ఓటు లేకుండా. ఓటు సంగతి వచ్చే ఏడాది చూద్దామని పెద్దక్క అంది.