తెల్ల దుప్పటి సందు

నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. మా బావమరిది పదహారేళ్లు చదివాడు. ఆ పదహారేళ్ల చదువూ వెంట్రుకంత సందు దగ్గర మూడు రోజులు చతికిలబడటం ఈ కళ్లతో చూశాను.

టైల్స్ షాపు గుమ్మానికి ఎదురుగా నేను వేసిన గోడ ఒకటి ఉంది, రకరకాల టైల్స్‌తో. వచ్చినవాళ్లు దాన్ని చేత్తో నిమిరి, "ఇది వేసిన మేస్త్రి ఎవరు?" అంటారు. పదకొండేళ్లుగా నాకు పని పుట్టింది ఆ ప్రశ్నలోంచే. ఇప్పుడు షావుకారుకి ఆ చోట పెద్ద కంప్యూటరు తెర కావాలట. ఏ టైలు నొక్కితే ఆ టైలు గోడ తెర మీద కనబడాలట. ఆ పని మా బావమరిదికి ఇప్పించిన పుణ్యాత్మురాలు మా ఆవిడే.

"శనివారానికి తెర కుదిరితే గోడ కొట్టిద్దాం. కుదరకపోతే గోడ ఉంటుంది, నువ్వుండవు," అన్నాడు షావుకారు వాడితో.

శనివారం రానే వచ్చింది. మా బావమరిది కంప్యూటరు తెర మీద గోడ గళ్ల తువ్వాలులా ఉంది.

"బొమ్మకీ బొమ్మకీ మధ్య ఆ తెల్లగీతలేంటయ్యా?" అన్నాడు షావుకారు.

"తెర మీద గోడంటే గళ్లుగళ్లుగా గీసిన టేబుల్ సార్. గడికో బొమ్మ. గడి లోపల అంచు వెంట కాస్త చోటు ఉంటుంది, దాన్ని సున్నా చేశా. గడికీ గడికీ మధ్య చోటునీ సున్నా చేశా. అయినా..."

"అన్నీ సున్నాలేనా? పరీక్షల్లోనూ ఇంతేనేమిట్రా?" అన్నాను.

"బావా, తెలీనిదాంట్లో వేలు పెట్టకు. ఇది కంప్యూటరు, సిమెంటు తట్ట కాదు."

అక్కడ నోరు మూసుకుంటే నా గోడ నాకుండేది. కానీ తట్ట అన్నాడుగా! వెళ్లి తెరకి ముక్కు ఆనించి చూశాను. సందు చూస్తే వేసిన చెయ్యి ఎలాంటిదో నాకు తెలిసిపోతుంది. యంత్రం వదిలిన సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండాలి. ఇది పైన సన్నం, కింద లావు.

"టైల్స్ దేనిమీద పెట్టి ఫొటోలు తీశావురా?"

"తెల్ల దుప్పటి మీద. అక్క ఇచ్చింది."

"మరింకేం! ఆ సందు గడిది కాదు, మా ఇంటి దుప్పటిది. ఫొటోని టైలు అంచుదాకా కత్తిరించకుండా చుట్టూ దుప్పటి కూడా అంటించి, మూడ్రోజులుగా గడిని తిడుతున్నావు."

షావుకారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. మా బావమరిది తల వంచుకుని కత్తిరించడానికి కూర్చున్నాడు. నాకు తట్టెడు తేనె తాగినట్టుంది.

గంటలో బొమ్మలన్నీ కత్తిరించాడు. సందు మాయమైంది. షావుకారు వాడి భుజం తట్టాడు. "ఎంతైనా చదువుకున్నవాడు చదువుకున్నవాడే!"

అప్పుడే వచ్చిన ఒకావిడ తెర చూసి మురిసిపోయింది. "అబ్బ, అతుకే లేదు! మా వంటింటికీ ఇలాగే వెయ్యాలి."

"సందు వదలకపోతే టైలు ఉబ్బి ఊడొస్తుందమ్మా," అన్నాను.

"ఆయన మాటకేం, పాతకాలం మేస్త్రి," అన్నాడు షావుకారు. నా వైపు తిరిగి సుత్తీ ఉలీ చేతికిచ్చాడు. "పెద్ద తెర బిగించేవాళ్లు దారిలో ఉన్నారు. నీ గోడ నువ్వే తీసెయ్యి. పక్క గోడ బీటలివ్వకుండా తియ్యడం నీకే వచ్చు."

ఉలి దించడానికి చోటు వెతికాను. నేను వదిలిన సందులోనే దిగింది.

మా బావమరిది ఎక్కణ్ణుంచో మా ఇంటి తెల్ల దుప్పటి తెచ్చి కంప్యూటరు మీద కప్పాడు.

"మెల్లగా బావా, దుమ్ము పడుతుంది."