మత్తయి ఒక్క పొద్దు

సంగటి ముద్ద నోట్లో పట్టలేదు. మత్తయి దాన్ని గోళీకాయంత చేసుకున్నా బుగ్గలు మంటెత్తిపోయాయి. పళ్లెం విసురుగా తోసేశాడు. భార్య అరుణకుమారి లేచి, సంగటిలో మజ్జిగ పోసి జావలా పిసికి తెచ్చింది.

శిరివెళ్లలో ట్రాక్టర్ తోలే మత్తయికి పదహారేళ్లుగా గుట్కా అలవాటు. మొన్న నంద్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ, నోరు ఎంత తెరుచుకుంటుందో చూడటానికి, అతని వేళ్లే అతని పళ్ల మధ్య పెట్టించింది. మూడు పట్టాల్సిన చోట రెండే పట్టాయి.

"లోపల బుగ్గలు బిగుసుకుపోతాండాయి. ఇట్లే నమిల్తే క్యాన్సరే. చెయ్యి జేబులోకి పోయినప్పుడల్లా ఇవి పెట్టుకో" అని ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్కపుల్లల కట్ట ఇచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చి, పళ్ల మధ్య పెట్టి నోరు సాగదియ్యాలి. "ఆ యావ కాసేపు ఊపేస్తాది, మళ్లా దిగుతాది. ఆ కాసేపు నిలబడు."

ఆదివారం చర్చిలో మోకరించి, ఇక గుట్కా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. సోమవారం ఇంజన్ స్టార్ట్ చేసేసరికి, తనకు తెలియకుండానే చెయ్యి జేబులో ఉంది.

అదే రోజు ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర రంగయ్య కొట్టుకు పోయాడు. తనకు చాటుగా పొట్లాలిచ్చేది ఆయనే. "అప్పా, నేను కాళ్లు పట్టుకున్నా నాకియ్యొద్దు" అన్నాడు. రంగయ్య అతని మొహం చూసి, "సరేప్పా" అన్నాడు.

గురువారం పొద్దున్నే మత్తయి మళ్లీ అక్కడే ఉన్నాడు. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. ట్రాక్టర్ పెట్టెలో దొరికిన ఖాళీ పొట్లాన్ని చించి, లోపలి పొడి నాకి, తన మీద తనకే రోతపుట్టి ఏడ్చి వచ్చాడు.

"ఒక్కటియ్యి."

"ఇయ్యను."

"అలవాటు చేసింది నువ్వే కదరా! ఇప్పుడు నీతులు చెప్తాండావా?" అని అరిచాడు. బస్సు ఎక్కేవాళ్లు తిరిగి చూశారు. అరుపు ఏడుపయింది. వంగి నిజంగానే కాళ్లు పట్టుకున్నాడు.

రంగయ్య వెనక్కి జరిగాడు. "చేసింది నేనేనప్పా. అందుకే ఇయ్యను" అని షట్టర్ దించేశాడు.

ఆ వీధిలో ఇంకా నాలుగు కొట్లున్నాయి. మత్తయికి తెలుసు. అయినా అటు పోలేదు. అరుగు మీద కూలబడి, జేబులోని పుల్లలు పేర్చి పళ్ల మధ్య దూర్చాడు. దవడలు చీలిపోతున్నట్టుంది. చొంగ కారుతోంది, కళ్లు కారుతున్నాయి. పోయేవాళ్లు పిచ్చోడనుకున్నారు. తల ఎత్తేసరికి, ఇందాక ఎదురుగా జనాన్ని ఎక్కించుకుంటూ ఉన్న నంద్యాల బస్సు వెళ్లిపోయింది. ఒంట్లో ఆ పీకులాట కూడా తగ్గింది. గుట్కా వెయ్యకుండానే అది పోవడం అతనికి ఇదే మొదలు.

భార్యకు ఫోన్ చేశాడు. "ఇప్పుడొకటి పోయింది."

"ఇంకోటొస్తే?"

"వస్తాది. మధ్యాన్నానికే వస్తాది. భయంగా ఉంది అరుణా."

"వస్తే పిలువు. యాడున్నా వస్తా."

ఆ నెలలో అతను రెండుసార్లు ఓడిపోయాడు. రెండుసార్లూ దాచకుండా ఆమెకు చెప్పాడు.