తొట్టిలో ఎండుకొమ్మ

మా హుయ్‌జౌ కొండపల్లెల్లో అందరూ పాత ఇళ్లు పడగొట్టి టైల్స్ వేసుకున్నాక, పడగొట్టిన ఇళ్లలాగే కనపడాలని ఒక హోటల్ కట్టారు. అందులో గదులు సర్దే పని నాది. లోపలి అలంకారమంతా షాంఘై నుంచి వచ్చిన చియావ్ మాస్టారిది. ఆయనకు ఖాళీ అంటే ప్రాణం. గదిలో కుర్చీ ఉండదు, ఖాళీ ఉంటుంది. గోడకు కొక్కెం ఉండదు, ఖాళీ ఉంటుంది. అతిథులు తడి తువ్వాళ్లు ఆ ఖాళీలోనే పడేస్తారు. ప్రతి గదికీ మోకాలెత్తు గడప కూడా పెట్టించారు, పూర్వీకుల పద్ధతట. పూర్వీకులకు చక్రాల సూట్‌కేసులు లేవని ఎవరూ చెప్పినట్టు లేదు.

నా దిగులు మాత్రం ఏడాది నిండని మా తువాన్ గురించి. వాణ్ని మా అత్త మాజాంగ్ ఆడుతూ చూసుకునేది. ఒకరోజు వాడి నోట్లోంచి ఆట బిళ్ల తీస్తే, "హమ్మయ్య, దాని కోసమే వెతుకుతున్నాం" అంది.

అంతకుముందు వాడికో కొయ్య తొట్టి ఉండేది. కింద వెడల్పు, పైన ఇరుకు. లోపలి పలక మీద నిలబెడితే అంచు చంకలదాకా వస్తుంది. పిల్లాడు పడడు, ఎటూ పోడు. చలికాలంలో పలక కింద కుంపటి పెడతాం. మా ఆయన అందులోనే పెరిగాడు. అత్త దాన్ని పాతసామాన్లవాడికిచ్చి, బదులుగా ప్లాస్టిక్ నడకబండి తీసుకుంది. బండి మొదటిరోజే మెట్ల మీంచి దొర్లింది.

ఆ నుదుటి బొప్పి చూశాక వాణ్ని వీపున కట్టుకుని పనికి తెచ్చాను. మేనేజరు హూ మేడం చూసింది.

"ఇది హోటలా, బాల్వాడీనా? ఇంకోసారి తెచ్చావంటే నువ్వూ రానక్కర్లేదు."

యజమాని షెన్ గారు హోటల్ చూడ్డానికి వచ్చేనాడు అత్త మాజాంగ్ పోటీకని పక్కూరు పోయింది. మళ్లీ తేక తప్పలేదు. మేడం కంటపడకుండా హాల్లోకి వచ్చి ఆగిపోయాను. నల్లటి దిమ్మె మీద, దీపం వెలుగులో మా తొట్టి! అంచున మా ఆయన పాలపళ్ల గాట్లు. లోపల ఒక ఎండుకొమ్మ.

"ఇది మాది" అన్నాను.

"నోర్ముయ్యవే" అంది తోటి పనిమనిషి గ్వేయిజెన్ అక్క. "ఇప్పుడు దాని పేరు 'ప్రశాంతత'. అదుగో, చీటీ అంటించారు."

"తాకకండి!" అని అరిచారు చియావ్ మాస్టారు. "ఆ కొమ్మ వంపు కుదరడానికి నాకు నిద్ర లేదు."

బయట కారు ఆగింది. మాస్టారు, అక్క వాకిట్లోకి పరుగెత్తారు. మేడం తలుపు దగ్గర్నుంచే మరిగే టీ తెమ్మని నాకు కేకేసింది. వీపున బిడ్డతో మరిగే టీ ఎలా మోయను? ఆలోచించలేదు. కొమ్మ పీకి, తువాన్‌ను తొట్టిలో నిలబెట్టాను.

షెన్ గారు ఖాళీలన్నీ దాటుకుంటూ వచ్చి తొట్టి ముందు ఆగారు. తువాన్ అంచు కొరుకుతున్నాడు, వాళ్ల నాన్న కొరికిన చోటే.

"అరెరే! నేనూ ఇలాంటి దాన్లోనే పెరిగానురా!" అని వాడి చేతికి వేలందించారు. "చియావ్, ఈ హోటల్లో నాకు అర్థమైన వస్తువు ఇదొక్కటే."

మాస్టారు కొమ్మవైపు చూడనైనా లేదు. "అదేనండీ నా ఆలోచన. సంప్రదాయంలో ప్రాణం ఉండాలి కదండీ."

"రోజూ ఉంటాడండీ" అంది హూ మేడం, నావైపు చూడకుండా.

అప్పట్నుంచి మావాడు ఉద్యోగస్తుడు. ఏ అంతస్తు వసారాలోంచి తొంగిచూసినా కనపడతాడు. ఎర్ర స్వెటర్ వద్దన్నారు, బూడిదరంగే వేయాలట. ఏడిస్తే మెల్లగా ఏడవాలట. కుంపటి పొగ శైలికి నప్పదని పలక కింద నిప్పులాంటి దీపం పెట్టారు. వెలుగుతుంది, వెచ్చగా ఉండదు. వాడి కాళ్ల దగ్గర వేణ్నీళ్ల సీసా దాస్తున్నాను.

నిన్న తువాన్ అంచు మీదికి కాలెత్తాడు. గబుక్కున ఆ కాలు లోపలికి దింపాను. సాయంత్రం హూ మేడం పిలిచింది.

"మీవాడు పెరిగిపోతున్నాడు. మాస్టారికి నచ్చట్లేదు. మరి ఇంకొకడు..." అంటూ నా పొట్టవైపు చూసింది.

మా ఆయన్ని అడిగి చెప్తానన్నాను.