ఆర్లిస్ కోరిన మట్టి

చావింట్లో బేరమాడే ధైర్యం ఎవరికుంటుంది? అమెరికాలోని స్కాజిట్ లోయలో మూడు తరాలుగా శవపేటికలు అమ్ముతున్న హౌగెన్ కుటుంబానికి ఈ సంగతి బాగా తెలుసు. ఆ ఉదయం మాత్రం చావు వాళ్ళింట్లోనే జరిగింది. చనిపోయిన తల్లి ఆర్లిస్ ఒళ్ళు తుడిచి, జుట్టు దువ్వి, కొడుకు గోర్డన్ చేతి అలవాటు కొద్దీ శవం పాడవకుండా మందు ఎక్కించే గొట్టం అందుకున్నాడు. చూడవచ్చినవాళ్ళకి మనిషి హాయిగా నిద్రపోతున్నట్టు కనిపించాలంటే ఆ మందు తప్పదు.

అక్క వెర్నా గుమ్మంలోంచే కేకేసింది. "ఒరేయ్, ఆగు! ఆ మందు ఎక్కించావంటే ఇక అమ్మ మట్టి కావడం కుదరదు. అక్కడ తీసుకోరు."

సియాటిల్ దగ్గర ఒక చోట శవాన్ని గడ్డి, చెక్కపొట్టు మధ్య పడుకోబెట్టి, కొన్ని నెలల్లో సారవంతమైన మట్టిగా మార్చి ఇస్తారు. తాను అలా మట్టై తన రాస్‌బెర్రీ పళ్ళ తోటలో కలవాలని ఆర్లిస్ ఎన్నాళ్ళుగానో చెబుతూనే ఉంది. గోర్డన్ ప్రతిసారీ నవ్వి మాట దాటేశాడు.

"అమ్మని పెంటకుప్ప చేస్తావా అక్కా? ఊరందరికీ ఇత్తడి పిడుల పెట్టెలు అమ్మినవాణ్ణి. కన్నతల్లికే పెట్టె లేదంటే నా మొహాన ఉమ్మరూ?"

"నీ మొహం సంగతి తర్వాత. అమ్మ నోరు మూతపడింది కదా అని ఇక నీ ఇష్టమేనా?"

పరామర్శకని బంగాళాదుంపల కూర గిన్నెతో వచ్చిన ఊరి పాడిరైతు డెల్బర్ట్ ఇదంతా విన్నాడు. పాడి ఆవుల మధ్య ముసలివాడైన మనిషి, పెద్దగా మాట్లాడడు.

"గోర్డన్, నా భార్య తను కుట్టుకున్న బొంతలో చుట్టి పాతిపెట్టమంది. నీకు చెప్పాను కూడా. 'ఆవిడ మీద మీ ప్రేమ ఇంతేనా?' అన్నావు. సిగ్గేసి, ఉన్నవాటిలోకెల్లా బరువైన పెట్టె కొన్నాను. ఆ బొంత ఇంకా మా మంచం మీదే ఉందయ్యా. దానికేసి చూడలేను."

ఆయన గొంతులో కోపం లేదు. గోర్డన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ ప్రశ్న పెట్టెలు అమ్మడానికి తండ్రి నేర్పినది. ఎంతమంది దుఃఖం మీద దాన్ని ప్రయోగించాడో! గొట్టం చుట్టి పక్కన పెట్టేశాడు.

సియాటిల్ దగ్గరి ఆ చోట తన చేతులతోనే తల్లి పాదాల మీద గడ్డి పరిచాడు. అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా.

వసంతంలో మట్టి వచ్చింది. దహనం చేస్తే వచ్చే బూడిదలా గుప్పెడే వస్తుందనుకుని చిన్న జాడీ పట్టుకు నిలబడిన గోర్డన్ ట్రక్కు నిండా ఉన్న నల్లటి మట్టిని చూసి నోరు తెరిచాడు.

"ఇంతా?"

"అమ్మ ఎప్పుడైనా కొంచెం వడ్డించిందా?" అని వెర్నా ఏడుస్తూనే నవ్వింది.

డెల్బర్ట్ కూడా పార పట్టాడు. మొక్కల మొదళ్ళలో మట్టి సర్దుతూ గోర్డన్ ఆయనతో నెమ్మదిగా అన్నాడు:

"తప్పు చేశాను పెద్దాయనా. పెట్టె కానీ, మట్టి కానీ, పోయినవాళ్ళ మాట నిలబెట్టడమే అంత్యక్రియ. మిగతాదంతా బతికున్నవాళ్ళ గొప్ప కోసమే."