ఒక కార్డు మీద నలుగురు

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక ఇత్సయానా బ్రాకమోంతెస్ తను చెప్పినదంతా కల్పన అని ప్రొఫెసర్ కిరోగా ముందు ఒప్పుకుంది. అది కల్పన కాదు.

అప్పటికి ద్రాక్ష కోతలు మొదలై రెండు వారాలైంది. కాలిఫోర్నియాలో ఫ్రెస్నోకి దక్షిణాన ఉన్న తోటల్లో గుత్తులు కోసి, సాళ్ల మధ్య నేల మీద కాగితాలు పరిచి, వాటి మీద ఎండబెడతారు. కూలి కాగితానికి ఇంత అని. ఎవరు ఎన్ని కాగితాలు నింపారో వాళ్ల కార్డు నంబరు మీద కంపెనీ మనిషి ఫోన్లో ఎక్కిస్తాడు.

ఆ లెక్కలు విశ్వవిద్యాలయానికి వచ్చాయి. అక్కడ లాటినో విద్యార్థులకి డేటా సైన్స్, కృత్రిమ మేధ నేర్పే ఫెలోషిప్ ఒకటుంది. ఆ ఏడు ఎంపికైనవాళ్లలో ఇత్సయానా ఒకతి. రెండో సంవత్సరం చదువుతోంది. ఆమెకీ, లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన నెఫ్తాలీకీ కలిపి ఒక పని ఇచ్చారు. కార్డుల లెక్కని బట్టి తోటలో ఏ బ్లాకులో ఎంతమంది ఉంటారో అంచనా వేసే ప్రోగ్రాం తయారుచెయ్యాలి. ఆ అంచనా ప్రకారం కంపెనీ నీడ కోసం గుడారాలు వేస్తుంది, నీళ్ల పీపాలు పెడుతుంది.

ఇత్సయానా తల్లి ఎవులాలియా పడమటి బ్లాకులో పనిచేస్తుంది. కిందటేడు అక్కడే ఎండకి సొమ్మసిల్లి పడిపోయింది. ఇత్సయానా ఈ పని అడిగి తీసుకుంది అందుకే.

మంగళవారం ప్రోగ్రాం కొన్ని కార్డుల్ని ఎర్రగా చూపించింది.

"ఒక మనిషి రోజులో ఇన్ని కాగితాలు నింపలేడు," అన్నాడు ఆ పని చూసే ప్రొఫెసర్ కిరోగా. "ఫోన్లో తప్పు ఎక్కి ఉంటుంది. తీసెయ్యండి."

ఎర్రగా కనిపించిన కార్డులు దాదాపు అన్నీ పడమటి బ్లాకువి.

"ఎవడే ఈ నాలుగు వందల పన్నెండో నంబరు కార్డు?" అన్నాడు నెఫ్తాలీ. "మనిషా, ట్రాక్టరా?"

"మా మామయ్య."

"ఏం పెడుతున్నారే ఆయనకి? నాకూ కాస్త తెచ్చిపెట్టు."

ఇత్సయానా నవ్వలేదు. ఆ కార్డు మామయ్య పేరు మీద ఉంది. దాని వెనక పనిచేసేది నలుగురు: మామయ్య, అత్తయ్య, వాళ్ల పెద్దబ్బాయి, ఎవులాలియా. ఎండుద్రాక్ష పని వాళ్ల వీధిలో తాతల కాలం నుంచీ అలాగే జరుగుతోంది. ఇంట్లో ఎవరికి ఈ దేశంలో పనిచేసే అనుమతి పత్రాలుంటే వాళ్ల పేరు మీద కార్డు, దాని మీద ఇంటిల్లిపాదీ పని. మేస్త్రీకి తెలుసు. కంపెనీ ఆఫీసుకి తెలియదు, లేదా తెలియనట్టు ఉంటుంది. ఎవులాలియాకి పత్రాలు లేవు.

ఆ కార్డులు తీసేస్తే పడమటి బ్లాకులో మనుషులు లేనట్టే లెక్క.

"నాలుగు వందల పన్నెండు అంటే నలుగురు అని చెప్పేస్తానమ్మా," అంది ఇత్సయానా ఆ సాయంత్రం ఇంట్లో.

ఎవులాలియా పెనం మీద తోర్తియా రొట్టె తిప్పుతోంది. "చెప్పు. చెప్పి, మీ మామయ్య కార్డు ఊడగొట్టు. నన్ను బండెక్కించి సరిహద్దు దాటించు. నీ చదువు బాగా పనికొచ్చిందని అక్కడ అందరికీ చెప్పుకుంటాలే."

"మరి గుడారం?"

"టోపీ ఉందిగా."

"కిందటేడు కూడా ఉందమ్మా టోపీ."

"తిను ముందు. చల్లారిపోతోంది."

గురువారం ఇత్సయానా ఒక్కతే కిరోగా గదికి వెళ్లింది. తలుపు వేసి, మీకు మాత్రమే అని చెప్పి, విషయం చెప్పింది. కిరోగా కుర్చీలోంచి లేచాడు.

"ఇదేనమ్మాయ్ నేను మూడేళ్లుగా వెతుకుతున్నది! మనవాళ్లు డేటా చదివితే వచ్చే తేడా ఇదే. రేపటి ప్రదర్శనలో మొదటి మాట ఇదే కావాలి."

"సార్, రేపు కంపెనీ వాళ్లు వస్తారు."

"పేర్లు పెట్టం. నంబర్లు కూడా తీసేద్దాం."

"బ్లాకు పేరు ఉంటుందిగా. ఆ బ్లాకులో మా వీధివాళ్లు తప్ప ఇంకెవరూ లేరు."

"వాళ్లు వచ్చేది గుడారాల కోసం. మనుషుల్ని పట్టుకోవడానికి కాదు."

"మీరు మయామీలో పెరిగారు సార్."

"అయితే?"

"మీ అమ్మగారికి పత్రాలున్నాయి."

కిరోగా మళ్లీ కూర్చున్నాడు. "చూడమ్మా. ఒక కార్డుని నలుగురని లెక్కేస్తే ఎందుకని అడుగుతారు. నేనేం చెప్పను? కారణం పెట్టు, లేదా కార్డులు తీసెయ్. మూడోది లేదు."

"ఇంటికి వెళ్లి అడిగి చెప్తాను సార్," అంది. అడగలేదు. తల్లి జవాబు ఆమెకి ముందే తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రదర్శనకి గంట ముందు హాల్లో తెర వెలిగించి చూశారు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 'ఒక కార్డు, ఒక కుటుంబం' అని ఉంది. కింద పడమటి బ్లాకు పటం ఉంది. అది కిరోగా స్వయంగా చేశాడు.

"బాగుంది కదూ?" అన్నాడు.

"తీసెయ్యండి సార్."

"మళ్లీ మొదలా?"

"అది నిజం కాదు. నేనే కల్పించాను."

నెఫ్తాలీ తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

"ఎందుకు కల్పించావు?" అన్నాడు కిరోగా.

"మా అమ్మ ఆ బ్లాకులో పనిచేస్తుంది. గుడారం అక్కడ పడాలని."

"నీ మాట నమ్మి రాత్రంతా కూర్చుని చేశాను దీన్ని."

కిరోగా మొదటి పేజీ తీసేశాడు. ఎర్ర కార్డులన్నీ తీసేసి ప్రోగ్రాం మళ్లీ నడపమని నెఫ్తాలీకి చెప్పాడు. ఇత్సయానాని వేదిక ఎక్కొద్దన్నాడు. ఫెలోషిప్‌లో ఉంచాలా వద్దా అన్నది కమిటీ చూస్తుందన్నాడు.

"నిజంగా కల్పించావా?" అని నెఫ్తాలీ గుమ్మం దగ్గర అడిగాడు.

"వెళ్లు. నీ పేరు పిలుస్తున్నారు."

ప్రదర్శన నెఫ్తాలీ ఒక్కడే ఇచ్చాడు. కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లెక్క శుభ్రంగా ఉందనీ, సోమవారమే అమలు చేస్తామనీ అన్నారు. ఇత్సయానా ఆ మాట బయట వరండాలో విన్నది.

ఆ రాత్రి ఎవులాలియా అడిగింది: "ఏమైందే మీ గుడారాలు?"

"వేస్తారట."

"మాకూనా?"

"తెలీదమ్మా."

సోమవారం ఉదయం కంపెనీ ట్రక్కు అయిదు గుడారాలు దించింది. మూడు తూర్పు బ్లాకులో వేశారు, రెండు కాలువ పక్క బ్లాకులో. పడమటి బ్లాకులో ఒకటీ వెయ్యలేదు.